చుక్కి మోసిన కబురు

బెంగళూరు,
21-1-2007

ప్రియమైన అత్తకు,

శివాని నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. హాస్టల్లో రాగిముద్ద పెడతారు, సంతోషమే. అందులోకి పోసే సాంబారులో మాత్రం బెల్లం వేస్తారు. ఆ పాపం ఎవరిదో ఇంకా కనుక్కోలేకపోయాను.

నీకు ఫోన్ చేస్తే హాల్లో చిన్నమామ ఎత్తుతాడు. నువ్వు వచ్చి మాట్లాడేటప్పుడు మహాదేవమ్మ అత్త టీవీ శబ్దం తగ్గించి మరీ వింటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. సెల్లు కొనుక్కోమంటే వినవు. కొన్నా ఆ రాళ్ళగుట్టల మధ్య సిగ్నలు ఉండదనుకో.

నా చదువు సంగతి నాన్న చెప్పే ఉంటాడు, "గుర్రాల కడుపులు చూసే చదువు" అని. తప్పేమీ కాదు. గుర్రం చూడి కట్టిన మొదటి రెండు మూడు వారాల్లో లోపల ఏం జరుగుతుందో చూడటమే మా పని. ఇక్కడి ఫారంలో గుర్రాలన్నీ దిట్టమైనవి. మగ గుర్రంతో దాటిస్తే చాలు, చూడి నిలుస్తుంది. నాకు నిలవని గుర్రం ఒకటి కావాలి. మా గైడు జ్ఞానరాజు సార్‌కు మన చుక్కి గురించి చెప్పాను. మూడేళ్ళుగా మగ గుర్రాన్ని దాటిస్తున్నా ఈనలేదని చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నాకు పెళ్ళి కుదిరిందన్నా ఆయన అట్లా లేవరు.

చుక్కి రక్తం కావాలి అత్తా. దాటించిన పదమూడో రోజున ఒకసారి, మళ్ళీ నాలుగైదు రోజులకు ఒకసారి. మెడ దగ్గర సూది గుచ్చి చిన్న సీసాడు తీస్తే చాలు, దానికి పెద్ద బాధ ఉండదు. డోన్ పశువుల ఆసుపత్రి నుంచి రాజశేఖర్ అన్న ఎట్లాగూ దాన్ని చూడటానికి వస్తాడు కదా, ఆయనే తీస్తాడు. ఐసు పెట్టిన ఫ్లాస్కులో కర్నూలు బస్టాండు దాకా చేరిస్తే మిగతాది నేను చూసుకుంటాను.

దానికి చూడి ఎందుకు నిలవడం లేదో కూడా దీంతో తెలియవచ్చు. తెలిస్తే మొట్టమొదట నీకే చెబుతాను.

నీ శివాని


ఓర్వకల్లు,
2-2-2007

చిరంజీవి శివానికి మేనత్త సుబ్బలక్ష్మమ్మ ఆశీస్సులు.

చిన్నప్పుడు మీ నాయన నా పలక తీసుకుని పగలగొట్టాడు. ఇప్పుడు ఆయన కూతురు నా గుర్రం రక్తం అడుగుతోంది. మా పుట్టింటివాళ్ళు అడగడంలో ఎప్పుడూ తక్కువ తినలేదు. తీసుకో తల్లీ, నీకు కాకపోతే ఎవరికిస్తాను.

చుక్కి అంటే నాకు ఏమిటో నీకు తెలుసో లేదో, ఒకసారి రాస్తాను. చుక్కికి అవ్వ అయిన గుర్రాన్ని మా నాయన నా పెళ్ళిలో అరణంగా ఇచ్చాడు. అరణంగా వచ్చిన పశువూ దాని సంతతీ ఆడపిల్లవి. అత్తింటివాళ్ళు వాటి మీద చెయ్యి వేయకూడదు. మీ మామ పోయినప్పుడు ఊరి పెద్దమనుషులు కూర్చుని, అరణపు సంతతి సాగినంత కాలం గుర్రాల దొడ్డీ అందులోని రెండు గదులూ ఈమెవే, అది ఆగిపోతే దొడ్డి ఉమ్మడిలో కలుస్తుంది అని తేల్చారు. అప్పుడు దొడ్డిలో నాలుగు గుర్రాలు. ఇప్పుడు ఇదొక్కటే. పిల్ల ఈనకుండా ఇది ముసలిదైపోతే నాకు ఈ ఊళ్ళో తలుపు వేసుకునే గది ఉండదు.

కంపెనీలకని ఈ చుట్టుపక్కల భూములు కొలుస్తున్నారు. అప్పటి నుంచి నా మరిదికి అరణం మీద, ఆచారం మీద భక్తి ఎక్కువైంది. మొన్న పెద్దమనుషుల్ని మళ్ళీ పిలిపించాడు. నన్ను నిలబెట్టి, "వొదినా, ఈననిది సంతతి ఎట్లయితాది? నాకేం తొందర లేదులే. వచ్చే ఏడు ఎండాకాలం దాకా చూద్దాం. అప్పటికీ చూడి నిలవకపోతే ఆ గొడ్డును అమ్మేద్దాం" అన్నాడు. వాళ్ళు తలలూపి మజ్జిగ తాగి పోయారు.

నాకు కడుపులు నిలవనప్పుడు ఈ ఇంట్లో ఏ మాట అన్నారో ఇప్పుడు దాన్ని అదే మాట అంటున్నారు. అప్పుడు నా తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. దానికి నువ్వున్నావు.

రక్తంలో ఏం వెతుకుతావో రాయి. నాకు అర్థమయ్యేట్టు రాయి, మీ సార్‌కు అర్థమయ్యేట్టు కాదు.

సుబ్బలక్ష్మమ్మ


బెంగళూరు,
18-2-2007

ప్రియమైన అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చిన్నమామ గురించి నేనేమీ రాయను. ఈ ఉత్తరం ఆయన చేతిలో పడితే పొలం గట్టున కూర్చుని చదివిస్తాడు.

అర్థమయ్యేట్టు రాస్తాను విను. ఆవులో, గొర్రెలో అయితే పిండం పొడుగ్గా సాగి కడుపులో పరుచుకుంటుంది. గుర్రంలో అట్లా కాదు. శనగగింజంత గుండ్రంగా మొదలై చిన్న ఉసిరికాయంత అయ్యేదాకా అది ఒకచోట కూర్చోదు. గర్భసంచిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉంటుంది. పదహారో రోజు దాకా తిరిగి, ప్రతి గోడా తట్టి, నేనున్నాను అని తల్లికి చెప్పుకోవాలి. ఆ కబురు అందకపోతే తల్లి ఒళ్ళు కడుపు ఖాళీ అనుకుని మళ్ళీ ఎదకు వస్తుంది. పిండం పోతుంది. పోయిందని ఎవరికీ తెలియదు, ఉన్నదనే తెలియదు కదా.

ఆ కబురు ఏ భాషలో చెబుతుందో ఇంతవరకు ఎవరూ కనుక్కోలేదు. ఆవు సంగతి తెలిసింది, గొర్రె సంగతి తెలిసింది, గుర్రం దగ్గరే అందరూ ఆగిపోయారు. మా అనుమానం చిన్న ఆర్‌ఎన్‌ఏల మీద. కణంలో పెద్ద ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి, ఫలానా ప్రొటీను తయారు చేయండి అని ఆజ్ఞలు మోసుకుపోతాయి. ఈ చిన్నవి ఏదీ తయారు చేయించవు. చాలా కాలం వీటిని చెత్త కింద లెక్కేశారు. తీరా చూస్తే ఇవి పోయి ఆ పెద్ద ఆజ్ఞల నోరు మూస్తాయట. ఏ మాట జరగాలి, ఏ మాట జరగకూడదు అనేది చాలాచోట్ల ఇవే తేలుస్తున్నాయి. చూడి గుర్రం రక్తంలో వీటి జాడ దొరుకుతుందా అని చూడటమే నా పని.

ఫ్లాస్కు, సీసాలు బస్సులో పంపుతున్నాను. ఫ్లాస్కులో కాఫీ పోయొద్దని మన గుర్రం కాసే కంబన్నకు చెప్పు.

నీ శివాని


ఓర్వకల్లు,
29-6-2007

చి. శివానికి,

మొత్తం ఎనిమిది సీసాలు పంపాను, అందాయని నీ కార్డు వచ్చింది. కంబన్న ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకుని కర్నూలు దాకా పోయేవాడు. బస్సులో ఎవరో ఏముందప్పా అందులో అంటే గుర్రం నెత్తురు అన్నాడట. ఆ సీటంతా వాడికే వదిలేశారు.

ఈ ఏడూ నిలవలేదు.

మస్తాన్ సాయెబు సంగతి నీకు తెలిసిందే. లారీలో మగ గుర్రాన్ని ఎక్కించుకుని బళ్ళారి నుంచి బయలుదేరి ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, మన ఊరు, నంద్యాల అట్లా చుట్టు తిరుగుతాడు. ఒక ఊళ్ళో రెండు రోజులే ఉంటాడు. ఆ రెండు రోజుల్లో ఆడ గుర్రం ఎదలో ఉంటే సరే, లేకపోతే మళ్ళీ చుట్టు దాకా ఆగాలి. మాఘమాసం నుంచి నాలుగుసార్లు వచ్చాడు, నాలుగుసార్లూ దాటించాం. ప్రతిసారీ రాజశేఖరుడు వచ్చి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడటం, "ఖాళీ అత్తా" అనడం. ఆ మాట వినగానే కంబన్న దాని మెడ నిమిరి బయటికి పోతాడు. నేను పోయేదానికి బయటేమీ లేదు.

మస్తాన్‌ను అడిగితే, "అమ్మా, నా జాన్వర్‌లో లోపం లేదు. బళ్ళారి నుంచి నంద్యాల దాకా దీని పిల్లలు ఎగురుతాండాయి" అన్నాడు. జూన్‌లో ఇంకొకసారి వస్తానన్నాడు గానీ రాలేదు. ప్రతి ఏడూ అంటాడు, ఏ ఏడూ రాడు.

నువ్వు రాసిన చిన్నవాటి సంగతి బాగా అర్థమైంది. తాను ఏమీ చేయకుండా, చేసేవాళ్ళ నోరు మూయించి సంసారం నడిపేది మా ఇంట్లోనూ ఒకటుంది. మహాదేవమ్మను సీసాలో పట్టి పంపమంటావా?

నవ్వులాటకు రాశాను గానీ నాకు భయంగా ఉంది. ఇంకొక్క ఎండాకాలమే ఉంది.

సుబ్బలక్ష్మమ్మ


బెంగళూరు,
11-8-2007

అత్తా, అత్తా!

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. చుక్కి గొడ్డు కాదు! నీ పదమూడో రోజు సీసాలు నాలుగింటిలో మూడింటిలో మా చూడి గుర్రాల్లో కనిపించే చిన్న ఆర్‌ఎన్‌ఏలే కనిపించాయి. ఖాళీ గుర్రాల్లో అవి అట్లా ఉండవు. అనుమానం తీరక హార్మోను పరీక్ష కూడా చేయించాను, అదీ అట్లాగే ఉంది. మూడుసార్లు అది చూడి కట్టింది అత్తా. లోపలిది గోడలు తట్టింది, తల్లికి కబురు అందింది. కానీ నాలుగైదు రోజుల తర్వాత తీసిన సీసాల్లో అంతా పడిపోయింది, ఒక్కసారిగా. ఎవరో దీపం ఆర్పేసినట్టుంది.

సార్ ఆ కాగితాలు చూసి, "ఇది నీ థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం అవుతుంది" అన్నారు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒక్క విషయం రాయి. రాజశేఖర్ అన్న చుక్కికి ఏమైనా మందులు వాడుతున్నాడా? ఏ మందు, ఎప్పుడు? రక్తం తీసిన రోజున ఇంకేమేం చేస్తాడు? మొత్తం రాయి, చిన్నదని వదలొద్దు.

నీ శివాని


ఓర్వకల్లు,
20-8-2007

నా బంగారు తల్లి శివానికి,

నీ ఉత్తరం చుక్కి చెవిలో చదివాను. కంబన్న నవ్వాడు. నవ్వితే నవ్వనీ. గొడ్డు కాదు అనే మాట ఈ దొడ్డిలో పైకి చదవాలని నాకు ఎన్నేళ్ళుగానో ఉంది. నాకోసం కూడా చదువుకున్నాననుకో.

నువ్వు అడిగింది రాస్తున్నాను. పదమూడో రోజున రాజశేఖరుడు పొద్దున్నే మోటారు సైకిలు మీద వస్తాడు. ముందు నీ సీసాకు రక్తం తీస్తాడు. తర్వాత చెయ్యి పెట్టి చూసి ఖాళీ అంటాడు. ఖాళీ అని తేలాక వెంటనే ఒక సూది వేస్తాడు. అది వేస్తే నాలుగైదు రోజుల్లో ఎదకు వస్తుంది, సరిగ్గా మస్తాన్ లారీ వచ్చే వేళకు. ఆవులకూ ఇదే వేస్తాడట. ఈ సూది లేకపోతే మస్తాన్ చుట్టుకూ దీని ఎదకూ పొంతన కుదరదు. జూన్‌లో కూడా మస్తాన్ వస్తాడని వేయించాం, వాడు రాకపోతే సూది వృథా అయింది. మూడేళ్ళుగా ఇదే పద్ధతి. రాజశేఖరుడి హస్తవాసి మంచిది, సూది వేసిన ప్రతిసారీ ఎదకు రావడం మాత్రం తప్పలేదు.

మందు సీసా మీద పేరు చెరిగిపోయింది. వాడినే ఫోనులో అడుగు.

కారణం తెలిస్తే వెంటనే రాయి. మిగిలింది ఒక్క ఎండాకాలమే. ఈసారి నిలవాలి.

నీ అత్త


బెంగళూరు,
30-9-2007

అత్తకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది, ఇక్కడ పని ఎక్కువగా ఉంది. రాజశేఖర్ అన్నతో ఫోనులో మాట్లాడాను. మందు పేరు తెలిసింది, రికార్డు కోసమే. నువ్వు దాని గురించి ఆలోచించకు.

చూడి ఎందుకు పోతోందో ఇంకా తేలలేదు. ఒక్క ఏడాది సీసాలతో ఏదీ గట్టిగా చెప్పలేమని సార్ అంటున్నారు. వచ్చే సీజన్‌లో కూడా సీసాలు పంపాలి. అన్నీ పోయినేడు జరిగినట్టే జరగాలి. మేత, రోజులు, రాజశేఖర్ అన్న చేసే పనులు, ఏదీ మార్చొద్దు. మారిస్తే రెండేళ్ళకూ పోలిక కుదరదు.

ఆరోగ్యం జాగ్రత్త.

శివాని


ఓర్వకల్లు,
17-2-2008

చి. శివానికి ఆశీస్సులు.

ఈ మధ్య నీ ఉత్తరాలు కరెంటు బిల్లుల్లా వస్తున్నాయి. సాంబారులో బెల్లం మానేశారా ఏమిటి? చదువు ఒత్తిడి అని మీ నాయన అన్నాడు. సరే.

మస్తాన్ లారీ మొన్న వచ్చింది, దాటించాం. నా మరిది దొడ్డి గోడ మీద ఎర్ర రంగుతో కొలత గీతలు గీయించాడు. "ఏంది రామకృష్ణా, ఇంకా నాలుగు నెలలు ఉండాయి కదా" అన్నాను. "ఊరికే గీయిస్తాండా వొదినా, గీత గీస్తే గుర్రం చూడి పోతాదా?" అన్నాడు. మహాదేవమ్మ ఇప్పటికే నా వంటగదిలో ఎక్కడ అటక కట్టించాలో చూసుకుపోయింది.

నిన్ను ఒక మాట అడగాలి. రాజశేఖరుడు బెంగళూరులో ఏదో శిక్షణకు పోయి వచ్చాడు. అక్కడ గుర్రాలకు స్కానింగు చేస్తారట. పద్నాలుగో రోజున పిండం తెరమీద చుక్కలా కనపడిందట, చేతికి మాత్రం తగలదట. తిరిగి వచ్చినప్పటి నుంచి వాడి ముఖం ఒకలా ఉంది. "అత్తా, ఆ సూది సంగతి శివానిని ఒక మాట అడుగుతా" అన్నాడు. అడుగప్పా అన్నాను. మర్నాడు వచ్చి, "ఏమీ మార్చొద్దని చెప్పినాది. ఆమె రక్తమంతా చూసినాది, మనకంటే శానా చదివినాది కదా" అన్నాడు. వాడి మనసు కుదుటపడింది, నాదీ పడింది.

అయినా అడుగుతున్నాను శివానీ. నీకు తెలిసినది ఏదైనా ఉంటే, నమ్మకం లేనిదైనా సరే, సగం తెలిసినదైనా సరే, నాకు రాయి. నేను ఏమీ అనుకోను. మేత మార్చాలా, నడక ఆపించాలా, ఏదో ఒకటి చేస్తాను. ఊరికే కూర్చుని ఖాళీ అనే మాట కోసం ఎదురుచూడటం నా వల్ల కావడం లేదు.

నీ అత్త


బెంగళూరు,
9-3-2008

అత్తకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు అనవసరంగా ఆందోళన పడుతున్నావు. శాస్త్రంలో సగం తెలిసినది చెప్పడం తప్పు. తెలియనిదానికంటే అది ఎక్కువ నష్టం చేస్తుంది.

నా సంగతి కూడా ఆలోచించు. ఐదేళ్ళ గడువు వచ్చే మార్చితో అయిపోతుంది. అప్పటికి థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ళ చదువు వృథా. నాకున్న ఒకే ఒక్క నిలవని గుర్రం చుక్కి. రెండో ఏడాది కూడా మొదటి ఏడాదిలాగే వస్తే ఆ అధ్యాయం నిలబడుతుంది. ఇంకో గుర్రాన్ని వెతుక్కునే టైము లేదు. సార్ కూడా అదే అంటున్నారు.

ఈ ఒక్క సీజన్ ఓపిక పట్టు. తర్వాత అన్నీ మాట్లాడుకుందాం. సీసాల మీద తేదీ స్పష్టంగా రాయమని అన్నకు చెప్పు, పోయినసారి రెండింటి మీద చెరిగిపోయింది.

శివాని


ఓర్వకల్లు,
22-6-2008

శివానికి,

చుక్కిని పోయిన సోమవారం కడప బారాత్ బాజాలవాళ్ళు తోలుకుపోయారు. పెళ్ళికొడుకులను ఎక్కించుకు తిప్పడానికట. కంబన్న, "అది కొత్తవాళ్ళ చేత నీళ్ళు తాగదమ్మా" అని వాళ్ళ వెంటే పోయాడు.

జూన్ మొదటి వారంలో మస్తాన్ వచ్చాడు, చివరిసారి దాటించాడు. పన్నెండు రోజులు కూడా కాకముందే నా మరిది పెద్దమనుషుల్ని పిలిచాడు. వాన పడితే లారీ దొడ్డిలోకి రాదు, ఇప్పుడే కానిద్దాం అన్నాడు. రాజశేఖరుణ్ణి పిలవాలని కూడా ఎవరికీ తోచలేదు. ఇంక చూసేదేముంది అనుకున్నారు, నేనూ అనుకున్నాను. అందుకే నీకు ఈసారి సీసా రాలేదు.

దొడ్డికి తాళం పడింది. నా పెట్టె, మంచం వెనక వసారాలో వేశారు. తడక కట్టిస్తానని మహాదేవమ్మ అంది.

మిగిలిన ఖాళీ సీసాలు, ఫ్లాస్కు మీ నాయనకు ఇచ్చి పంపుతున్నాను.

సుబ్బలక్ష్మమ్మ


బెంగళూరు,
27-3-2009

ప్రియమైన అత్తకు,

చాలా నెలలు రాయలేదు, కోపం వద్దు. శుభవార్త చెప్పడానికి రాస్తున్నాను. పోయిన వారం నా వైవా అయింది. నాకు డాక్టరేట్ వచ్చింది. పరీక్షకు వచ్చిన పెద్దాయన చుక్కి అధ్యాయాన్నే ఎక్కువగా మెచ్చుకున్నారు. కబురు అందినా దాన్ని నిలుపుకోలేని తల్లి గుర్రం గురించి ఇంతవరకు ఎవరూ ఇంత వివరంగా చూడలేదన్నారు.

చుక్కి విషయంలో నువ్వు బాధ పెట్టుకోకు అత్తా. లోపం దానిలోనే ఉంది. పిండం తప్పు కాదు, మన తప్పు కాదు. తల్లి ఒళ్ళే ఆ కబురును పట్టుకోలేకపోయింది. మనం ఏం చేసినా నిలిచేది కాదు.

థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. అందులో నాన్న తర్వాత నీ పేరే రాశాను. ఒక ప్రతి నాన్న చేత పంపుతున్నాను, చూసుకో. ఇంగ్లీషులో ఉంది గానీ నీ పేరు గుర్తుపడతావు.

నీ శివాని


కడప,
19-5-2009

డాక్టర్ శివాని గారికి,

ఓర్వకల్లు సుబ్బలక్ష్మమ్మ రాయునది. ఈసారి కడప నుంచి రాస్తున్నాను.

నాలుగు రోజుల కిందట కంబన్న బస్సు కండక్టరు చేత చీటీ పంపాడు. "అమ్మా, వెంటనే రా. చెబితే నమ్మవు" అని ఒక్కటే ముక్క. చుక్కి చచ్చిపోయిందేమో అనుకుంటూ బస్సెక్కాను. బాజాలవాళ్ళ షెడ్డు రైల్వేస్టేషను వెనక ఉంది. గోడకు జరీ జీనులు వేలాడుతున్నాయి, కింద బ్యాండు డప్పులున్నాయి. వాటి మధ్య చుక్కి నిలబడి ఉంది. దాని పక్కన పిల్ల. ఎర్రది, నొసట చుక్క, అచ్చం మా నాయన తోలుకొచ్చిన దాని రంగే. ఒకచోట నిలవడం లేదు. ఈ గోడ దాకా పోతుంది, మూతితో తట్టుకుంటుంది, ఆ గోడకు పోతుంది.

నేను పోయి దాని నొసటి చుక్క తడిమి చూశాను.

షెడ్డు ఆయన మంచివాడు. "కడుపుతో ఉన్నాదని తెలిసింటే పెళ్ళిళ్ళకు తిప్పేవాళ్ళమా తల్లీ? పొట్ట కనపడే దాకా పెళ్ళికొడుకుల్ని మోసినాది పాపం" అన్నాడు. లెక్క చూసుకున్నాం. మస్తాన్ చివరిసారి దాటించిన నాటి నుంచి సరిగ్గా పదకొండు నెలలు. అందరూ గొడ్డని వదిలేసిన ఆ ఒక్కసారి, ఎవరూ చెయ్యి పెట్టి చూడని ఆ ఒక్కసారి నిలబడింది.

రాజశేఖరుణ్ణి డోన్ నుంచి పిలిపించాను. వాడు పిల్లను చూశాడు, నా వైపు చూడలేదు. "అత్తా, ఆ ఒక్కసారే నేను సూది వెయ్యలేదు" అన్నాడు. అప్పుడు అంతా చెప్పాడు. కడుపులో ఉన్నదాన్ని దింపేసి ఎదకు తెచ్చే సూది అది. చేతికి తగలనంత చిన్నదాన్ని ఖాళీ అనుకుని, ఉన్న చూడిని తన చేత్తోనే పోగొట్టాడు, ప్రతిసారీ. బెంగళూరు శిక్షణలో అనుమానం వచ్చి నిన్ను అడిగాడు. "సూది తప్పేమో శివానీ, ఆపేద్దామా?" అంటే నువ్వు, "నేను రక్తం చూశాను కదన్నా, నాకు తెలుసు. మామూలుగానే వెయ్" అన్నావట. వాడు షెడ్డు గోడకు తల ఆనించుకుని ఏడ్చాడు. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడిది తెలియనితనం. తిడితే తీరిపోయింది.

నిన్ను తిట్టలేను. నీకు తెలుసు. నేను సూది సంగతి రాసిన రోజునే తెలిసింది. ఆ తర్వాతి ఉత్తరం నుంచే నీ నవ్వు పోయింది. నాకది చదువు ఒత్తిడిలా కనపడింది. ఎంత పిచ్చిదాన్ని! తెలిస్తే మొట్టమొదట నీకే చెబుతానని రాసింది నువ్వే. సగం తెలిసినదైనా చెప్పమని నేను కాళ్ళ మీద పడినంత పని చేశాను. సూది ఆపండి అని ఒక్క ముక్క, ఒక కార్డు మీద రాసి ఉంటే పోయిన ఎండాకాలానికే చూడి నిలిచేది, పిల్ల నా దొడ్డిలోనే పడేది. నీకు చూడి పోయే గుర్రం కావలసి వచ్చింది. అందుకని నా గుర్రం చేత మళ్ళీ మళ్ళీ పోగొట్టించావు.

అది కూడా పోనీ. అంతా అయ్యాక, లోపం దానిలోనే ఉందని రాశావు చూడు, అది నేను క్షమించను. ఆ మాట అత్తింట్లో నన్ను అన్నారు, నేను ముప్పై ఏళ్ళు మోశాను. చదువురానివాళ్ళు అన్నారులే అనుకుని మోశాను. నువ్వు చదువుకుని, రక్తం చూసి, తెలిసి, అదే మాట పుస్తకంలో అచ్చు వేయించావు. ఆ పుస్తకంలో నా పేరు కూడా పెట్టావు.

కళ్ళు కూడా రాని ఆ చిన్న పిండం తల్లికి కబురు చెప్పడానికి పదహారు రోజులు గోడగోడకూ తిరుగుతుందని నువ్వే నాకు చెప్పావు. నీకు పది నెలల టైముంది. కాగితం ఉంది, కలం ఉంది, చదువుంది.

పిల్ల నాది కాదు. తల్లిని కడుపుతో సహా అమ్మేశారు, అరణం అక్కడితో తీరిపోయింది. షెడ్డు ఆయనను నేను అడగలేదు, అడిగితే ఏమంటాడో అని కూడా అనుకోలేదు. నా మరిదికి చెప్పొద్దని కంబన్నకు చెప్పాను. పెద్దమనుషులకు చెబితే మళ్ళీ మజ్జిగ తాగి పోతారు.

నువ్వు సీసాలు పంపినప్పుడల్లా నింపి పంపాను. ఈసారి నువ్వు అడగలేదు, నేనే పంపుతున్నాను. ఈ కాగితం మడతలో ఎర్ర వెంట్రుకలున్నాయి చూడు, అవి పిల్ల జూలువి. నీ పుస్తకంలో నా పేరున్న పేజీలో పెట్టుకో. ఎవరైనా చుక్కి అధ్యాయం మెచ్చుకుంటే తీసి చూపించు.

నేను ఓర్వకల్లుకు తిరిగి పోవడం లేదు. ఎక్కడుంటానో మీ నాయనకు చెప్పాను. నీకు చెప్పొద్దని కూడా చెప్పాను.

సుబ్బలక్ష్మమ్మ